1969 జీటీఓ జడ్జ్ కొందామనుకుంటున్నాను, అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

మీరు రాసిందాన్ని బట్టి సంగతి ఇదీ: ఇండియానాలో ఒకాయన దగ్గర 1969 పాంటియాక్ జీటీఓ జడ్జ్ కారు ఉంది, నారింజ రంగు, వెనక స్పాయిలర్, పక్కన స్టిక్కర్లు అన్నీ ఉన్నాయి, విన్ (ప్రతి కారుకీ ఫ్యాక్టరీ వేసే గుర్తింపు నంబర్) 242తో మొదలవుతోంది, "నంబర్స్ మ్యాచింగ్" (ఇంజిన్ మీది నంబర్ కారు విన్‌తో కలుస్తుంది) అంటున్నాడు, రెండు రోజుల్లో అడ్వాన్స్ కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు. కట్టాలా వద్దా అని అడుగుతున్నారు. ఇప్పుడే కట్టకండి. అచ్చం ఇలాంటి కారుకే, ఇలాంటి తొందరలోనే నేను 2016లో రెండు వేల డాలర్లు వదిలించుకున్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

1969లో జడ్జ్ అనేది విడిగా ఒక మోడల్ కాదండీ. జీటీఓ కొనేటప్పుడు తీసుకునే ఒక ఆప్షన్ ప్యాకేజీ, ఫ్యాక్టరీ కాగితాల్లో దాని కోడ్ డబ్ల్యూటీ1, అప్పటి ధర 332 డాలర్లు. ఇప్పుడు మీ విన్ చూడండి. మొదటి 2 అంటే పాంటియాక్, పక్కన 42 అంటే జీటీఓ, తర్వాత 37 ఉంటే హార్డ్‌టాప్, 67 ఉంటే కన్వర్టిబుల్, 9 అంటే 1969, ఆ పక్కన ఉండే అక్షరం ఏ ఫ్యాక్టరీలో తయారైందో చెబుతుంది (మిషిగన్‌లో పాంటియాక్ ఊళ్లోదైతే పి), మిగతా ఆరంకెలు వరస నంబర్. ఇందులో జడ్జ్ సంగతి ఎక్కడా లేదు. 242 ఉందంటే ఎవరో పాంటియాక్‌వాళ్లదే మామూలు కారు లెమాన్స్‌కి జీటీఓ వేషం వేయలేదని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. ఆ ఏడాది జీటీఓలు మొత్తం 72 వేల పైచిలుకు వచ్చాయి, అందులో జడ్జ్‌లు 6,833, వాటిలో కన్వర్టిబుల్స్ 108. అంటే మామూలు జీటీఓని జడ్జ్ చేసేవాడికి సరుకు కావలసినంత ఉంది. స్పాయిలర్, స్టిక్కర్లు, గ్లవ్ బాక్స్ మీద ఉండే బిళ్ల, అన్నీ కేటలాగ్ చూసి కొత్తవి తెప్పించుకోవచ్చు, ఒక శని ఆదివారాల్లో బిగించేయొచ్చు.

రంగు చూసి కూడా మోసపోవద్దు. మొదట్లో వచ్చిన జడ్జ్‌లకి కరూసెల్ రెడ్ వేశారు (పేరుకి రెడ్డు, చూస్తే నారింజ, షెవర్లేవాళ్లు అదే పెయింట్‌ని హగ్గర్ ఆరెంజ్ అని అమ్మారు). కొన్ని నెలలకే మిగతా జీటీఓ రంగులన్నిటిలోనూ ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి నారింజ రంగు ఉంటే జడ్జ్ అనీ కాదు, ఆకుపచ్చ ఉంటే కాదనీ కాదు.

నా కథకి వస్తే, మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది, చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. ఎవరి బండి చూడ్డానికి వెళ్లినా బాబాయి ముందు సీ బుక్కు అడిగేవాడు, తర్వాత చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసేవాడు, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే బానెట్ ఎత్తేవాడు. ఇదంతా కళ్లారా చూసినవాణ్ని, మిషిగన్ వచ్చి కార్ల విడిభాగాల కంపెనీలోనే పని చేస్తున్నవాణ్ని, అయినా ఒహాయోలో ఒక పాత కార్ల డీలర్ దగ్గర ఆ నారింజ రంగు కారుని చూడగానే అన్నీ మర్చిపోయాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ ముందు భాగంలో కుడి వైపు హెడ్ కింద జిడ్డు తుడిచి టార్చ్ వేశాడు. రెండక్షరాలు: డబ్ల్యూ, టీ. "చూశారా, డబ్ల్యూటీ, జడ్జ్ కోడ్" అన్నాడు. నేను ముందు రోజు రాత్రే డబ్ల్యూటీ1 గురించి చదివి వెళ్లాను కదా, గుండె ఆగినంత పనైంది. జేబులో పెన్సిల్ ఉంది, కాగితం ఉంది, బాబాయిలాగే ప్రింట్ కూడా తీశాను. పక్కన ఉన్న చిన్న నంబర్ కారు విన్‌తో సరిపోయింది. అడ్వాన్స్ కట్టేశాను.

డబ్ల్యూటీ1 ఆప్షన్ కోడ్. ఇంజిన్ మీద ఉండే డబ్ల్యూటీ వేరే లెక్క. 1969లో ఇంజిన్ మీద డబ్ల్యూటీ అంటే మాన్యువల్ గేర్లున్న మామూలు జీటీఓకి వేసే 350 హార్స్‌పవర్ 400 (క్యూబిక్ అంగుళాలు) ఇంజిన్, అదే ఆటోమేటిక్‌కైతే వైఎస్. జడ్జ్‌కి కనీసం రామ్ ఎయిర్ 3 ఇంజిన్ రావాలి, 366 హార్స్‌పవర్, మాన్యువల్‌కి డబ్ల్యూఎస్, ఆటోమేటిక్‌కి వైజెడ్. ఇంకా డబ్బు పెట్టినవాళ్లు రామ్ ఎయిర్ 4 తీసుకుంటే డబ్ల్యూడబ్ల్యూ లేదా ఎక్స్‌పీ. అంటే ఆయన టార్చ్ వేసి మరీ చూపించింది అది జడ్జ్ కాదనడానికి రుజువు! పైగా నంబర్స్ మ్యాచింగ్ అన్న మాటలో అబద్ధం ఏమీ లేదు. జడ్జ్ కాని కారు, జడ్జ్ కాని ఇంజిన్, రెండూ ఫ్యాక్టరీ నుంచి కలిసే వచ్చాయి. ఆ పెన్సిల్ ప్రింట్ ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాత నాలుగైదు రోజులకి పీహెచ్ఎస్ కాగితాలు వచ్చాయి. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అని మిషిగన్‌లోనే ఉంది, 1961 నుంచి వచ్చిన పాంటియాక్‌లకి ఫ్యాక్టరీ డీలర్‌కి పంపిన ఇన్‌వాయిస్ నకళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి, విన్ ఇచ్చి ఫీజు కడితే మీ కారుది పంపిస్తారు. నా కారు ఇన్‌వాయిస్‌లో మిడ్‌నైట్ గ్రీన్ రంగు, ఫోర్ స్పీడ్, రేడియో, ఇంకేవో ఉన్నాయి, డబ్ల్యూటీ1 మాత్రం లేదు. ఫోన్ చేస్తే డీలర్ చాలా మర్యాదగా మాట్లాడాడు, "యాడ్‌లో జడ్జ్ అన్నాం, ఫ్యాక్టరీ జడ్జ్ అని ఎక్కడా రాయలేదు" అన్నాడు. రసీదు వెనక అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు అని చీమంత అక్షరాల్లో ఉంది. కారు వద్దనుకున్నాను, రెండు వేలూ పోయాయి.

మనవాళ్లకి దీన్ని స్థలం కొన్నట్టు అనుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గోడలకి రంగు ఎంత బాగున్నా ఈసీ తియ్యకుండా, లింకు డాక్యుమెంట్లు చూడకుండా ఎవరూ రిజిస్ట్రేషన్‌కి వెళ్లరు కదా. పీహెచ్ఎస్ కాగితం మీ ఈసీ. అమ్మేవాడు "నా దగ్గర ఉంది, పీడీఎఫ్ పంపిస్తా" అంటే సరే అనండి, కానీ మీ డబ్బుతో మీరు ఇంకొకటి తెప్పించుకోండి. పీడీఎఫ్‌లో ఒక లైను చేర్చడం పెద్ద పని కాదు. పాత విండో స్టిక్కర్లు, బిల్డ్ షీట్లు కొత్తగా అచ్చేసి టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టినవి నేను స్వయంగా చూశాను, ఒకదానికి వాసన కూడా ఇంకా పోలేదు.

రెండో కారు 2018లో దొరికింది. అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలోని హెర్షీలో పెద్ద స్వాప్ మీట్ (పాత కార్లు, విడిభాగాల సంత) జరుగుతుంది, అక్కడ పాంటియాక్ కార్బురేటర్లు అమ్ముతున్న ఒక పెద్దాయనతో గంటసేపు కబుర్లు చెప్తే, చివర్లో "మా బావమరిది గరాజ్‌లో ఒకటి ఉంది, అమ్ముతాడో లేదో తెలియదు" అన్నాడు. అది లిబర్టీ బ్లూ రంగు ఆటోమేటిక్, కొన్నేళ్లుగా రోడ్డెక్కలేదు, పెయింట్ పొలుసులు లేచిపోయింది. ఈసారి కారు దగ్గరికి వెళ్లేముందే విన్ అడిగి పీహెచ్ఎస్ తెప్పించాను. డబ్ల్యూటీ1 ఉంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడ) మీద ఉండే కౌల్ ట్యాగ్ అనే రేకు బిళ్ల‌లో 04సి, అంటే ఏప్రిల్ మూడో వారంలో తయారైన బాడీ. ఇంజిన్ మీద మాత్రం వైజెడ్ ఉండాల్సిన చోట వైఎస్, వెనక డిస్ట్రిబ్యూటర్ పక్కన పోత తేదీ (ఇంజిన్ బ్లాక్‌ని పోత పోసిన రోజు) ఎ150. ఎ అంటే జనవరి, 15వ తేదీ, చివరి సున్నా 1970. కారు పుట్టిన తొమ్మిది నెలలకి దాని ఇంజిన్ పుట్టిందన్నమాట. నేను అడిగేలోపే ఆయనే చెప్పేశాడు, 1974లో అసలు ఇంజిన్ పగిలిపోతే జంక్‌యార్డ్ నుంచి తెచ్చి ఇది వేయించానని. దానికి తగ్గట్టే ధర తగ్గించాడు, నేను తీసుకున్నాను. అసలు ఇంజిన్ లేని అసలు జడ్జ్ నాకు చాలు, వేలం వేసుకోవడానికి కాదు కదా కొన్నది.

ఇంజిన్ పోత తేదీ ఎప్పుడూ బాడీ తేదీ కంటే కొన్ని రోజులో వారాలో ముందుండాలి. బాడీ తేదీ తర్వాత ఉందంటే ఆ ఇంజిన్ తర్వాత ఎక్కించినదే, నంబర్ ఎంత బాగా కలిసినా సరే. ఎందుకంటే ఆ నంబర్‌ని గ్రైండ్ చేసి కొత్తగా గుద్దేవాళ్లున్నారు, రీస్టాంప్ అంటారు. చూసేటప్పుడు అంకెల ఆకారం, వాటి మధ్య ఎడం, చుట్టూ లోహం మీద గీతలు చూడాలి. అసలు కారు ఫొటో పక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది, ఊరికే చూస్తే తెలియదు. విన్ ప్లేట్ డాష్‌బోర్డ్ మీద, అద్దంలోంచి కనబడుతుంది, దాని రివెట్లు పువ్వు రేకుల్లా ఉండాలి, గుండ్రంగా మామూలువి ఉంటే కథ అడగండి. అదే నంబర్ కొంత భాగం ఫైర్‌వాల్ మీద హీటర్ డబ్బా వెనక, ఫ్రేమ్ మీద కూడా గుద్ది ఉంటుంది, కారుని విప్పకుండా చూడటం కష్టం, కానీ ధర లక్ష డాలర్ల దగ్గర ఉంటే చూపించమని అడగడంలో తప్పు లేదు. ఒక కారు విన్ ప్లేట్ పీకి ఇంకో కారుకి వేయడం ఇక్కడ ఫెడరల్ నేరం, అది తేలితే బండి చేజారుతుంది.

తుప్పు గురించి ఎక్కువ చెప్పను, డిక్కీ నేల, వెనక అద్దం కింద అంచు, వెనక చక్రాల దగ్గర కింది భాగం చూడండి. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి, లప్పం పెట్టిన చోట అంటుకోదు. అన్నట్టు ముందు బంపర్ దగ్గర ప్రయత్నించకండి, అది ఎండ్యూరా, ఇనుము మీద రబ్బరులాంటి పూత. నేను హెర్షీ పెద్దాయన బావమరిది ముందు అక్కడ అయస్కాంతం పెట్టి, జారి కింద పడగానే "ముందంతా లప్పమే" అని మొహం పెడితే ఆయన ఐదు నిమిషాలు నవ్వాడు.

ఇది కుదరకపోతే వేరే కంపెనీల వైపు చూస్తానన్నారు కాబట్టి రెండు ముక్కలు. ఫోర్డ్ అయితే మీ పని సులువు, 1967 నుంచి వచ్చిన వాటికి మార్టీ రిపోర్ట్ (పీహెచ్ఎస్ కాగితం లాంటిదే) దొరుకుతుంది, మస్టాంగ్ బాస్ 429 లాంటివైతే విన్‌లోనే ఇంజిన్ అక్షరం జెడ్ ఉంటుంది. ప్లిమత్, డాడ్జ్‌లకి విన్‌లో ఐదో అక్షరం ఇంజిన్‌ది, 1970 ప్లిమత్ 'కుడాలో ఆర్ ఉంటేనే 426 హెమీ ఇంజిన్, ఇంకేదైనా ఉంటే ఆ హెమీ తర్వాత వచ్చి కూర్చున్నదే. అన్నిటికంటే భయం షెవర్లేలతోనే. 1970 షెవెల్ ఎస్ఎస్ 454కి, మామూలు వీ8 మాలిబుకి విన్ మొదలు ఒక్కటే, 136. అమెరికాలో అమ్మిన వాటికి పీహెచ్ఎస్ లాంటి రికార్డులు లేవు, కెనడాలో అమ్మిన కారైతే జీఎమ్ కెనడా నుంచి కాగితాలు వస్తాయి. మిగతావాటికి పెట్రోల్ ట్యాంక్ మీద అంటించిన బిల్డ్ షీటో, వారంటీకి ఇచ్చే రేకు బిళ్ల ప్రొటెక్టోప్లేటో దొరికితే అదృష్టం. 69 మాత్రమే తయారైన 1969 కమారో జెడ్ఎల్1 ఎవరైనా చవగ్గా ఇస్తానంటే నవ్వి వచ్చేయండి.

క్లోన్ (ఇలా వేషం వేసిన కారు) కొనడం తప్పని నేను అనను. క్లోన్ అని చెప్పి క్లోన్ ధరకి ఇస్తే హాయిగా కొనుక్కుని తిప్పుకోవచ్చు, గీత పడుతుందన్న టెన్షన్ ఉండదు. జడ్జ్ ధర తీసుకుని జీటీఓ చేతిలో పెడితేనే మంట.

ఇక మీ ఇండియానా ఆయనకి ఈ రోజే మెసేజ్ పెట్టండి: విన్ ప్లేట్, దాని రివెట్లు కనబడేలా దగ్గరి ఫొటో, కౌల్ ట్యాగ్ ఫొటో, ఇంజిన్ ముందు ఉన్న రెండక్షరాల కోడ్, దాని దగ్గర్లోని పాక్షిక విన్, వెనక పోత తేదీ, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద విన్. అడ్వాన్స్ కట్టేటట్టయితే "పీహెచ్ఎస్ కాగితంలో డబ్ల్యూటీ1 లేకపోతే మొత్తం తిరిగి ఇస్తాను" అని రాయించుకోండి. ఎన్ని చెప్పినా రెండు రోజుల గడువే పట్టుకుని కూర్చుంటే ఆ ఇంకొకరికే ఇవ్వనివ్వండి. ఫొటోలు వస్తే ఇక్కడ పెట్టండి, చివరి మూడంకెలు కనబడకుండా చెరిపేసి, నేను చూసి చెప్తాను.