హెలెనా అయినా చెప్పింది, నువ్వు చెప్పలేదు

ఎంవీపీ కాలనీ నుంచి 23 ఏళ్ళ అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. సంగతి ఇదీ. వాళ్ళ నాటక బృందం షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ వేస్తోంది, తనది హెలెనా వేషం. అంటే, డెమెట్రియస్ తనని వదిలి స్నేహితురాలు హెర్మియా వెంట పడినా అతని కోసమే తపించే పిల్ల. ఏడాదిగా తనతో తిరిగిన అబ్బాయికి తన ప్రాణస్నేహితురాలితోనే సంబంధం కుదిరింది. ‘ఇంట్లోవాళ్ళ ఇష్టం’ అనేశాడు. ఆ స్నేహితురాలు ప్రేమించింది ఇంకొకరిని. సింహాచలంలో పెళ్ళి చేసుకుంటున్నామని ఈ అమ్మాయి ఒక్కదానికే చెప్పుకుంది. ఈమె ఆ మాట తనని వదిలేసిన అబ్బాయి చెవిన వేసింది, అతను వెళ్ళి పిల్ల తండ్రికి చెప్పాడు. ఇప్పుడు ఆ పిల్ల ఫోన్ లాగేసుకున్నారు, నిశ్చితార్థం వచ్చే నెల. బయటపెట్టింది తన తమ్ముడే అనుకుని ఆ పిల్ల వాడితో మాట్లాడటం మానేసింది. ‘నాటకంలో డెమెట్రియస్ తిరిగొస్తాడు కదా మేడమ్, ఎదురుచూడనా?’ అని ఉత్తరం రాసిన అమ్మాయి అడుగుతోంది.

ఎదురుచూడొద్దు. డెమెట్రియస్ తిరిగొచ్చింది కళ్ళలో వలపు పుట్టించే పువ్వు రసం పిండితే! పొరపాటున అదే రసం పడిన హెర్మియా ప్రియుడు లైసాండర్‌కి విరుగుడు వేశారు గాని ఇతనికి వెయ్యనేలేదు, పెళ్ళి కూడా ఆ మత్తులోనే అయిపోయింది. పూర్ణా మార్కెట్ అంతా గాలించినా నీకా పువ్వు దొరకదమ్మా. దొరికినా, మందు పెట్టి తెచ్చుకున్న మొగుణ్ణి ఏం చేసుకుంటావు?

అతని గురించి మూడున్నర పేజీలు రాశావు. తమ్ముడి గురించి ఒక్క వాక్యం. నేను ఆ వాక్యం దాటి ముందుకి వెళ్ళలేకపోయాను. చెయ్యని తప్పుకి ఆ పిల్లాడు అక్క దగ్గర ముద్దాయి అయ్యాడు. నీకు తెలుసు, ఊరుకున్నావు.

ఆర్కే బీచ్‌లో ఇద్దరూ ఒకే పొట్లంలో మురీ మిక్చర్ తినేవారనీ, అడుగున నిమ్మరసం దిగిన ఆఖరి గుప్పెడు ఆమె నీకే వదిలేసేదనీ నువ్వే రాశావు. పదో తరగతి నుంచీ ఆ ఇంటి ఉప్పు తిన్నదానివి. పెద్దలకి చెప్పకుండా సింహాచలం ఎక్కడం నాకూ నచ్చదు. కానీ ఆ మాట చెప్పాల్సింది ఆమె, తన సమయం చూసుకుని. నువ్వెవరు చెప్పడానికి? అందులోనూ అతనికా!

మూడో అంకంలో గొడవ మీ రిహార్సల్స్‌లో బాగా పండుతోందట. పొట్టి, పొడుగు అని తిట్టుకోవడం, గోళ్ళతో కళ్ళు పీకుతానని మీదికి రావడం, జనం పడీ పడీ నవ్వుతారు. సరిగ్గా ఆ రభసలోనే హెలెనా ఒక మాట అంటుంది, నీకు కంఠతా వచ్చే ఉంటుంది. మీరు అడవికి పారిపోతున్నారని డెమెట్రియస్‌కి చెప్పింది నేనేనని. హెర్మియా మొహం మీదే ఒప్పుకుంది ఆ పిల్ల. వేషం వేసుకుని రోజూ అనే మాట వాళ్ళింటికెళ్ళి అనడానికి నీకు నోరు రాలేదు.

ఇంకోటి గమనించావా? చివరి అంకంలో ఆ ఇద్దరమ్మాయిలకీ ఒక్క డైలాగు కూడా లేదు. పెళ్ళిళ్ళయిపోయి మొగుళ్ళ పక్కన కూర్చుంటారు, మగాళ్ళు జోకులేసుకుంటుంటారు. ఆ స్నేహం మళ్ళీ అతికిందో లేదో రచయిత మనకి చూపించలేదు. అందరూ సుఖాంతం అంటారు గాని, నాకు అక్కడ ఎప్పుడూ కొంచెం దిగులుగానే ఉంటుంది.

పెళ్ళి సంగతి ఆమె తేల్చుకుంటుంది. తండ్రి మాట కాదంటే మరణశిక్ష వెయ్యడానికి ఇది నాటకంలోని ఏథెన్స్ కాదు, 18 నిండిన పిల్లకి ఇష్టం లేని పెళ్ళి చేసే హక్కు ఇక్కడ ఏ తండ్రికీ లేదు. అవసరమైతే ఆ ముక్క ఆయన ముందు నువ్వే అను, ఆమెకి తోడుగా నిలబడి.

ఈ ఆదివారం రిహార్సల్ మానేసి వాళ్ళింటికి వెళ్ళు. ముందు ఆమెకి చెప్పు. అక్కడ ఏడవకు, ఏడిస్తే నిన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. తిడితే తిట్టించుకో. మొహం మీదే తలుపేస్తే మెట్ల మీద తమ్ముణ్ణి ఆపి, ‘చెప్పింది నేనురా’ అను. వాడికి ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయని రాశావు. సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్ళయిందో వాణ్ణే అడుగు.