కొడుకు రేసింగ్ సీజన్‌కు డబ్బు పెట్టండి, కాలువ కింద పొలం మాత్రం అమ్మకండి

మిర్యాలగూడ నుంచి ఒక అన్న రాశారు. ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు, షాపు ఖర్చులు పోగా నెలకు 90 వేలు వస్తాయి. బ్యాంకులో 12 లక్షల ఎఫ్‌డీ, సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు. బిడ్డ ఇంటర్ సెకండియర్. కొడుక్కి 16 ఏళ్లు, హైదరాబాద్ వెళ్లి మూడేళ్లుగా కార్టింగ్ (చిన్న కార్ల రేసింగ్) చేస్తున్నాడు, వచ్చే సీజన్‌లో ఫార్ములా 4 అనే రేసు కారు నడుపుతానంటున్నాడు, టీమ్ వాళ్లు 9 లక్షలు అడిగారు. ‘ఎకరం అమ్మి కట్టేద్దామా, ఇంట్లో బంగారం పెట్టి లోన్ తీసుకుందామా?’ అని ఆయన ప్రశ్న.

అన్నా, రెండూ వద్దు. అట్లని పిల్లవాణ్ణి ఆపమని నేను చెప్పను, మూడేళ్లు వదలకుండా చేస్తున్నాడంటే వాడికి అది నిజంగానే కావాలి.

ముందు టీమ్ వాళ్లను అడగండి: ఏ ఫార్ములా 4? మన దగ్గర ఆ పేరుతో రెండున్నాయి. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఏళ్లుగా నడుస్తున్న ఎల్‌జీబీ ఫార్ములా 4 ఒకటి, దానిది మారుతి ఇంజిన్, కోయంబత్తూరు కరి ట్రాక్ మీద ఎక్కువగా చూస్తాం. 2023లో మొదలైన ఇండియన్ ఎఫ్4 ఇంకొకటి, దానికి మోటార్ రేసింగ్ అంతర్జాతీయ సంఘం ఎఫ్ఐఏ గుర్తింపు ఉంది, కారు ఫ్రాన్స్ నుంచి వచ్చిన మైగేల్, ఖర్చు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. ఫార్ములా 1కు కావలసిన సూపర్ లైసెన్స్ పాయింట్లు ఈ రెండోదాంట్లోనే వస్తాయి, అదీ 40 కావాల్సిన చోట ఛాంపియన్‌కు గరిష్ఠంగా 12. మీకు చెప్పిన 9 లక్షలు మొదటిదానికే అయ్యుంటుంది. అట్లయితే అంతకంటే కింద కొత్తవాళ్ల కోసమే పెట్టిన నోవీస్ కప్ ఉంది, ఈ ఏడాది అందులో దింపండి.

ఇంకోటి, చెప్పిన రేటులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి: ప్రాక్టీసు రోజులు, టైర్లు, ఎంట్రీ ఫీజు, అన్నిటికంటే ముఖ్యంగా కారు దెబ్బతింటే ఎవరు కట్టాలి. కరి ట్రాక్ దగ్గర ఒక తండ్రిని చూశాను. మొదటి ల్యాప్‌లోనే కొడుకు కారు ముందు ముక్కు విరిగింది, చక్రం దగ్గరి సస్పెన్షన్ రాడ్లు వంగిపోయాయి, వాటిని టార్పాలిన్ మీద పరిచి మెకానిక్ ఒక్కోదానికి రేటు చెప్తుంటే ఆయన ఫోన్‌లో కూడుకుంటూ కూర్చున్నారు. పిల్లవాడు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని తలెత్తలేదు. అప్పు తెచ్చిన డబ్బుతో ఆ పరిస్థితి వస్తే వాడు మళ్లీ మలుపు దగ్గర ముందువాణ్ణి దాటడానికి ధైర్యంగా బ్రేక్ లేటుగా కొట్టగలడా?

మీ హెల్త్ పాలసీ మీద భరోసా పెట్టుకోకండి. ప్రొఫెషనల్‌గా చేసే సాహస క్రీడల గాయాలకు చికిత్స ఖర్చు రాదని పాలసీల్లో ఉంటుంది, ఆ జాబితాలో మోటార్ రేసింగ్ పేరు పెట్టి మరీ రాస్తారు. నిర్వాహకులు డ్రైవర్‌కు ఇచ్చే ప్రమాద బీమా ఎంతకో అడిగి, రేసింగ్‌కు వర్తించే పాలసీ విడిగా తీసుకోండి.

ఇక డబ్బు. 12 లక్షల్లో 4 లక్షలు ఇంటి ఖర్చులకు, షాపు సరుకుకు అత్యవసర నిధి, ముట్టుకోవద్దు. 4 లక్షలు బిడ్డ చదువుకు. మిగిలిన 4 లక్షలు, దానికి తోడు షాపు ఆదాయంలోంచి నెలకు 15 వేలు పక్కన పెడితే ఏడాదికి 1.8 లక్షలు, మొత్తం 5.8 లక్షలు కొడుకు నోవీస్ కప్ సీజన్‌కు, బీమా, ప్రయాణాలు, రిపేర్లు అన్నీ కలిపి. ఈ డబ్బు తిరిగి రాదనుకునే పెట్టండి. సీజన్ మధ్యలో అయిపోతే అక్కడితో ఆగాలి, ఈ మాట వాడికి ముందే చెప్పండి.

పొలం సంగతి. పట్టణ హద్దులకు దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు కాబట్టి ‘పన్ను కూడా లేదు కదా, అమ్మేయ్’ అని మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. కాలువ నీళ్లు పారే ఎకరం అమ్మాక మళ్లీ కొనడం మీ ఆదాయంతో అయ్యే పని కాదన్నా. బంగారం వదిన గారిది, ఏ రాబడీ లేని ఖర్చు కోసం దాని మీద వడ్డీ కట్టకండి.

టీమ్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందే బ్యాంకుకు వెళ్లి బిడ్డ 4 లక్షలు వేరే ఎఫ్‌డీగా మార్చి, ఆ రసీదు ఆమె చేతికివ్వండి. తమ్ముడి రేసుల కోసం తన సీటు పోతుందేమోనని ఆ ఇంట్లో ఆమె ఇప్పటికే టెన్షన్ పడుతూ ఉంటుంది.