రైలులో సూదీదారం, సంచిలో బొమ్మలు

ప్రశ్న: బొమ్మలు సేకరించడం, బొంతలు కుట్టడం నా సరదాలు. పదవీ విరమణ తర్వాత మా వారితో తరచూ ప్రయాణాలు చేస్తున్నాను. దారిలోనూ వీటిని కొనసాగించడం ఎలా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ రెండు సరదాలూ ఒకే సంచిలో ఇమిడిపోతాయి. బొంత మొత్తాన్ని మోసుకెళ్లకండి. ఇంటి దగ్గరే పాత నూలు చీరలను నాలుగంగుళాల చదరాలుగా కత్తిరించుకుని, ప్రయాణంలో వాటిని జతలుగా సాదా కుట్టుతో కలుపుతూ పోతే, తిరిగి వచ్చాక అతికించడమే మిగులుతుంది. విమానమైతే కత్తెరను చెక్-ఇన్ లగేజీలో వేయడం మేలు.

బొమ్మల విషయంలో తొందరపడవద్దు. శిల్పారామంలో అన్నీ ఒకచోట దొరకవచ్చు గానీ, తయారయ్యే ఊళ్లోనే కొనడంలోని ఆనందం వేరని నా అభిప్రాయం. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తేలికైన పొణికి చెక్కను చెక్కి, విడివిడి భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు కనుక, ఆ బొమ్మలకు తడి, ఒత్తిడి తగలకూడదు. అంకుడు కర్రను తరిణె (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి లక్క రంగులద్దే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు కాస్త గట్టివి. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువుగా చట్టబద్ధమైన ముద్ర) లభించింది. ఏదైనా సరే, మీ బొంత ముక్కల్లోనే చుట్టి తెచ్చుకోండి. ఏ బొమ్మ ఏ ఊరిదో, ఎప్పుడు కొన్నారో చీటీ రాసి అంటించుకుంటే, దసరా కొలువులో పేర్చేటప్పుడు మనవలకు చెప్పడానికి పనికొస్తుంది.