సీఆర్‌పీ 4.2 సంగతి తర్వాత, ముందు ఎల్‌డీఎల్ 112 గురించి డాక్టర్‌ని అడగండి

మీ నాన్నగారికి 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, మీది సోంపేట అన్నారు. ప్యాకేజీ టెస్టుల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.9 బాగానే వచ్చింది గానీ హెచ్‌ఎస్ సీఆర్‌పీ 4.2 అని ఎర్ర అక్షరాల్లో ఉంది, రక్తనాళాలు పూడుకుపోతున్నట్టేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. విజయనగరంలో మా అమ్మ షుగర్‌ని, దాంతోపాటు వచ్చిన కాలి రక్తనాళాల జబ్బుని ఏళ్ల తరబడి దగ్గరుండి చూసుకుంటున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

సీఆర్‌పీ చూసి టెన్షన్ పడకండి. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే కాలేయం తయారుచేసే ప్రొటీన్ అది. ఎక్కడ ఉందో మాత్రం చెప్పదు. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా, కాలికి పుండు పడినా పెరుగుతుంది. 3 దాటితే గుండె జబ్బు రిస్కు ఎక్కువన్న మాట నిజమే. కానీ జ్వరం, జలుబు ఏమీ లేనప్పుడు, రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయిస్తేనే ఆ అంకెను లెక్కలోకి తీసుకోవాలి.

నాకు బెంగ కలిగింది మీరు నార్మల్ అని వదిలేసిన కొలెస్ట్రాల్ దగ్గర. టోటల్ 196, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 240, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112. టోటల్ 200 లోపు ఉంటే నార్మల్ అన్న హద్దు అందరికీ కలిపి పెట్టింది. పదేళ్ల షుగర్ ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకైతే 55 లోపు ఉండాలని డాక్టర్లు చూస్తారు. 196లోంచి 36 తీసేస్తే 160. నాళాల గోడల్లో పేరుకునే రకం కొలెస్ట్రాల్ అంతా ఆ 160లోనే ఉంది, అది 100 లోపు ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్న షుగర్ వాళ్లలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే ప్రమాదం తక్కువగా కనిపిస్తుంది.

షుగర్ కంట్రోల్‌లో ఉంది కదా అని కూడా నిశ్చింతగా ఉండకూడదు. మా అమ్మకి హెచ్‌బీఏ1సీ 7 దాటేది కాదు. అయినా కోట దగ్గర నుంచి గంటస్తంభం దాకా నడిచేసరికి పిక్కలు పట్టేసేవి. ఏ కొట్టు అరుగు మీదో కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది, మళ్లీ నడిస్తే మళ్లీ అంతే. వయసు వల్ల అనేవారు అందరూ. చివరికి ఒక డాక్టర్ గారు చెప్పులు విప్పించి, పాదం పైన, చీలమండ వెనక వేళ్లు పెట్టి నాడి వెతికారు. ఎడమ కాలికి దొరకలేదు. చీలమండకి బీపీ పట్టీ కట్టి, జెల్ రాసి, పెన్ను లాంటి డాప్లర్ ఆనించి, కాలి బీపీని చేతి బీపీతో భాగించారు. 0.7 వచ్చింది. 0.9 కన్నా తక్కువైతే కాలి నాళాలు సన్నబడ్డట్టు. షుగర్ వాళ్లలో ఇంకో చిక్కు ఉంది: నాళాల్లో కాల్షియం పేరుకుని గట్టిపడితే ఆ నిష్పత్తి 1.4 దాటుతుంది, అదీ మంచిది కాదు. మీ నాన్నగారికి ఈ పరీక్ష తప్పకుండా చేయించండి. సూది లేదు, నొప్పి లేదు.

కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే షుగర్ పెరుగుతుందని మీ బంధువులు అంటున్నారని రాశారు. కొద్దిగా పెరగొచ్చు, నిజమే. దాంతో పోలిస్తే లాభం చాలా పెద్దది. గుండె జబ్బు లేని సుమారు 2,800 మంది టైప్ 2 షుగర్ వాళ్లలో సగం మందికి అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర 10 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన కార్డ్స్ అధ్యయనం 2004లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. రాత్రి అన్నం తగ్గించి, మద్యం అలవాటుంటే మానిపిస్తే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. ఎల్‌డీఎల్‌ని 112 నుంచి 70కి దించడం మాత్రం చోడి అంబలితోనో, మెంతుల నీళ్లతోనో అయ్యే పని కాదు.

కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ 1.5 అని చివర్లో రాశారు. మీ వైపు అది కాస్త పెరిగితే చాలు, ఉద్దానం జబ్బే (శ్రీకాకుళం తీరంలో కారణం తేలకుండా వస్తున్న కిడ్నీ జబ్బు) అనేస్తారు. తేల్చుకోకుండా అలా అనుకోకండి. పొద్దున్న మొదటి మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్), క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించండి. 30 లోపు ఉంటే నార్మల్. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే సాధారణంగా ముందు అల్బుమిన్ పోతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బులో చాలామందికి ప్రొటీన్ తక్కువగానే పోతుంది, కొందరికి అసలు పోదు. తేల్చాల్సింది కిడ్నీ డాక్టరే, కానీ ఈ కాగితం చేతిలో ఉంటే ఆయనకు సగం దారి తెలుస్తుంది. అల్బుమిన్ పోతుంటే గుండెకూ ప్రమాదం పెరిగినట్టే, బీపీని ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

కిడ్నీ పనితనం తగ్గి, రక్తం కూడా తక్కువగా ఉంటే ఆ హెచ్‌బీఏ1సీ 6.9నీ పూర్తిగా నమ్మలేం. హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి, ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్న రెండు గంటలకు కొన్నాళ్లు రాసిపెట్టండి. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలుంటే, అవి కిడ్నీని దెబ్బతీయొచ్చు కాబట్టి డాక్టర్‌కి చూపించేదాకా వాటిని ముట్టుకోనివ్వకండి.