మండువా లోగిలి బాగుచేయించే ముందు

చి. శ్రావణికి,
పెదనాన్న ఆశీస్సులు.

కోనసీమ ఇంటిని బాగుచేయించి, వెనకాల రెండు కొత్త గదులు వేయిద్దామని రాశావు. పాత పద్ధతి మంచిదా, మోడరన్ మంచిదా అని అడిగావు. అలా అడిగితే ఎవరికి నచ్చింది వాళ్ళు చెబుతారు. గోడ, కప్పు, మండువా ఒక్కొక్కటే చూసి, ఎండకి ఇది ఏం చేస్తోంది, నీళ్ళకి ఏం చేస్తోంది అని ఆలోచించు.

చండీగఢ్ హైకోర్టుకి మోడరన్ ఆర్కిటెక్టు లె కార్బూసియే గొడుగులాంటి రెండో కప్పు వేశాడు, అద్దాల ముందు కాంక్రీటు పలకలు నిలబెట్టాడు. ఎండని ఆపాలన్న ఆలోచన మంచిదే. కానీ పగలంతా కాగిన కాంక్రీటు పొద్దువాలాక ఆ వేడిని వదులుతుంది. ఇక పాత పద్ధతి సంగతి: ఈజిప్టులో లక్సర్ దగ్గర హసన్ ఫతీ అనే ఆర్కిటెక్టు 1940లలో మట్టి ఇటుకలతో న్యూ గుర్నా అనే కొత్త ఊరు కట్టించాడు. ఇళ్ళు చల్లగా ఉన్నాయి. అయినా పాత ఊళ్ళోనే బతుకుతెరువు ఉన్న జనం చాలామంది అక్కడికి మారలేదు. అంచేత ఫొటోలు చూసి ఏదీ తెచ్చుకోకు.

ముందు గోడలు. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూత వద్దు. నేలలోంచి పైకి పాకే చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. ఉప్పు పేరుకుని, పూతతోపాటు ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. చెమ్మ కనబడకుండా నాలుగడుగుల ఎత్తు టైల్స్ అంటించారంటే అది టైల్స్ దాటి ఐదడుగులకి ఎక్కుతుంది. వదులైన పూత గీకించి సున్నంతోనే పూయించు: ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ (ఇటుక పొడి), రెండు పాళ్ళు ఇసుక. సున్నాన్ని గుంటలో కనీసం మూడు వారాలు నాననివ్వాలి. తొందరపడితే సరిగ్గా నానని సున్నపు పలుకులు గోడమీద పొక్కులై పేలతాయి. పూత ఒక్కో వరసా అరంగుళం దాటకూడదు. మొదటిది గట్టిపడ్డాకే రెండోది. రెండు వారాలు తడుపుతూ ఉండాలి. ఉప్పుటేరు ఇసుక మాత్రం ఎంత చవకైనా వద్దు.

మండువా మీద రేకో అద్దమో బిగించేద్దామని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోకు. ఇంట్లో వేడిగాలి బయటికిపోయే దారి అదే. దాన్ని మూసి, తర్వాత ఏసీలు కొనడం నాకెప్పుడూ అర్థంకాని సంగతి! వానజల్లు ఆపక తప్పదనుకుంటే ఆ రేకుని పెంకు అంచుకన్నా అడుగున్నర పైకి లేపి, నాలుగు వైపులా గాలి ఆడేలా, రెండడుగులు బయటికి చాచి వేయించు. మండువా అడుగున పాత గచ్చు మీద కొత్త రాళ్ళు పరిస్తే దాని మట్టం పెరుగుతుంది, తూము మాత్రం కిందే ఉండిపోతుంది. పెద్ద వానకి నీళ్ళు వసారాలోకొస్తాయి. పాత గచ్చు తీయించాకే రాళ్ళు వేయించు. తూముకి ఆకులాపే జల్లెడ పెట్టించు.

పెంకుటికప్పు కారేది ఎక్కువగా రెండు వాలులు కలిసే లోపలి మూలల్లోనే. అక్కడ పెంకుల కింద అటూ ఇటూ తొమ్మిదేసి అంగుళాలు వచ్చేలా జింకు రేకు వేయించు. పుచ్చిన వాసాలుంటే వాటినే మార్పించు, కప్పు మొత్తం దింపొద్దు.

కొత్త గదులకి సిమెంటు, స్లాబు నిక్షేపంగా వాడుకో. గోడలకి మాత్రం తిరువనంతపురంలో ఆర్కిటెక్టు లారీ బేకర్ వాడిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి అడుగు. ఇటుకల్ని పక్కకి నిలబెట్టి కడతారు. తొమ్మిదంగుళాల గోడ మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది, ఇటుకలు దాదాపు పావువంతు తగ్గుతాయి, వేడి లోపలికి ఆలస్యంగా వస్తుంది. అలవాటు లేని మేస్త్రీ ఆ ఖాళీని మాలుతో నింపేస్తాడు. మొదటి రెండు వరసలు దగ్గరుండి కట్టించు. పునాది పై వరస, మూలలు, గుమ్మాల పక్కలు, గుమ్మం మీది లింటెల్ కింది వరస మాత్రం ఖాళీ లేకుండా కట్టాలి. కరెంటు పైపులు ఎక్కడికక్కడ ముందే గుర్తుపెట్టించు. తర్వాత కొట్టుకుంటూపోతే గోడ బలం పోతుంది.

స్లాబులో అడుగు భాగపు కాంక్రీటు లాగుడుకి పనికిరాదు, అది కడ్డీ పని. అంచేత కడ్డీల మధ్య బంగాళాపెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించవచ్చు. కడ్డీల దూరం మేస్త్రీకి వదిలెయ్యకు, స్ట్రక్చరల్ ఇంజినీరుచేత గీయించు. పెంకుల్ని ముందుగా బాగా నానబెట్టకపోతే కాంక్రీటులో నీళ్ళు పీల్చేసి అక్కడే పగుళ్ళిస్తాయి.

పెంకు పని, తూము పని వైశాఖం దాటకుండా చేయించు. కొత్త గదులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
పెదనాన్న