కాన్‌మ్యాన్‌లో ‘కాన్’ ఏంటి?

ప్రశ్న: మోసగాణ్ణి ఇంగ్లీషులో కాన్‌మ్యాన్ అంటారు కదా. కాన్ అంటే కన్విక్ట్, అంటే జైలుకెళ్లినవాడు అనుకున్నాను. మా అబ్బాయి కాదంటున్నాడు. ‘ప్రోస్ అండ్ కాన్స్’లో ఉన్నదీ ఇదేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే నిజమండీ. ఆ కాన్ అంటే కాన్ఫిడెన్స్. మొదట్లో పూర్తిగా ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అనేవారు, వాడగా వాడగా పొట్టిదైపోయింది. మనం కాన్ఫిడెన్స్‌ని ఎక్కువగా ఆత్మవిశ్వాసం అనే అర్థంలో వాడతాం కాబట్టి తికమక వస్తుంది, ఇక్కడ మాత్రం ఎదుటి మనిషి మీద నమ్మకం అని.

దీని వెనక నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనే పేరుతో తిరిగినవాడు. పెద్దమనిషిలా నీటుగా తయారై, వీధిలో డబ్బున్నవాళ్లను పాత పరిచయం ఉన్నట్టు పలకరించి, కాసేపు కబుర్లు చెప్పి, ‘రేపటిదాకా మీ వాచీ నాకిచ్చేంత నమ్మకం నా మీద ఉందా?’ అని అడిగేవాడు. అవతలివాళ్లు ఈయన్ని ఎక్కడో చూశాం, గుర్తు రావట్లేదు, కాదంటే బాగోదు అనుకుని మొహమాటానికి చేతిలో పెట్టేసేవారు! అలా మే నెలలో 110 డాలర్ల బంగారు వాచీ పోగొట్టుకున్న ఒకాయనకి జూలైలో అతను వీధిలో ఎదురుపడితే, పోలీసుని పిలిచి పట్టించాడు. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక ఆ అరెస్టు వార్తలో అతన్ని ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అని రాసింది, ఆ పేరు అలాగే స్థిరపడిపోయింది. 1857లో హెర్మన్ మెల్విల్ ఏకంగా అదే పేరుతో నవల రాశాడు.

అతను ఎవరి జేబూ కొట్టలేదు, ఎవరినీ బెదిరించలేదు. నమ్మించి గొంతు కోయడం అని మనమనేది సరిగ్గా ఇదే. ఇప్పుడు ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటూ మర్యాదగా మాట్లాడేవాళ్లూ ముందు నమ్మకమే సంపాదించుకుంటారు, డబ్బు సంగతి తర్వాతే. అందుకే అలా పోగొట్టుకున్నవాళ్లని ‘చదువుకుని ఎలా పడ్డావ్’ అని ఎవరైనా దెప్పితే నాకు నిజంగా కోపం వస్తుంది, వాళ్లు చేసిందల్లా సాటి మనిషిని నమ్మడమే. సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పండి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక ప్రోస్ అండ్ కాన్స్‌లోని కాన్ వేరు, అది ‘వ్యతిరేకంగా’ అనే అర్థమున్న లాటిన్ మాట కాంట్రా నుంచి వచ్చింది. మీరనుకున్న కన్విక్ట్ కూడా లేకపోలేదు, జైలు నుంచి బయటికొచ్చినవాణ్ణి ఎక్స్-కాన్ అంటారు చూడండి, అందులో ఉన్నది అదే.