ఇంటిపేరును దిద్దకండి, పత్రంలో ఉన్నట్లే ఉంచండి

ఒకే కుటుంబంవారు ఇంటిపేరును ఇంగ్లీషులో రకరకాలుగా రాసుకుంటే వంశవృక్షంలో ఏ రూపాన్ని సరైనదిగా తీసుకోవాలని మీరు అడిగారు. ఏ ఒక్కదాన్నీ తీసుకోకండి. ఇంటిపేరును తెలుగు లిపిలో శీర్షికగా పెట్టి, ఏ సంవత్సరపు ఏ పత్రంలో ఏ అక్షరాలు కనిపించాయో దాని కింద యథాతథంగా నమోదు చేయండి.

మా అమ్మమ్మగారి పుట్టింటివారు చావలివారు. ఈ చకారాన్ని మనం 'చెట్టు'లోలా కాక 'చాప'లోలా పలుకుతాము. ఆమె అన్నగారు దాన్ని అందరిలాగే సి.హెచ్.తో రాసేవారు, తమ్ముడుగారు చెవికి వినిపించినట్లే రాయాలన్న పట్టుదలతో టి.ఎస్.తో రాసేవారు. ఇద్దరూ పనిచేసిన సంస్థ అచ్చువేసిన పూర్వోద్యోగుల సూచికలో పెద్దాయన వెంటనే దొరికారు. చిన్నాయన కోసం సి అక్షరం పుటలను రెండు సాయంత్రాలు తిరగేసి, లేరని తేల్చుకుని, వృక్షంలో ఆ కొమ్మ పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఏడాది తరువాత తోట అన్న ఇంటిపేరువారిని ఒకరిని వెతుకుతూ టి పుటలు తిప్పుతుంటే ఆయన అక్కడ నింపాదిగా కూర్చుని ఉన్నారు. మన నిఘంటువులు ఏనాటి నుంచో వేస్తున్న 'చూ.' (ఫలానా చోట చూడుము) అన్న ఒక్క గుర్తును ఆ సూచిక కూర్చినవారు వేసి ఉంటే నాకు ఏడాది కలిసివచ్చేది.

కంప్యూటరు వెతికిపెడుతుందని కూడా నమ్మకండి. ఒకేలా వినిపించే పేర్లు ఒకచోట దొరికేలా ధ్వనిని బట్టి సంకేతాలిచ్చే, అమెరికాలో 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని కదపదు కనుక, అన్నగారికి సి140 అనీ తమ్ముడుగారికి టి214 అనీ సంకేతాలిచ్చి ఇద్దరినీ వేరు కాపురాలు పెట్టిస్తుంది. అదే పనికి యూదుల ఇంటిపేర్ల కోసం 1985లో రూపొందిన డైచ్-మోకోటాఫ్ పద్ధతి మాత్రం సి.హెచ్.ను రెండు విధాలుగా చదువుతుంది. అందులో ఒక విధంగా చదివినప్పుడు ఇద్దరికీ 478000 వస్తుంది. మన చకారం సంగతి మన సూచికల కంటే వారి లెక్కకే బాగా తెలుసు! ఇక ఇంటిపేరు ముందుండే మన ఆనవాయితీని పట్టించుకోకుండా చివరి పేరు అడిగే దరఖాస్తుల వల్ల, విదేశాల్లో మనవారి సొంత పేర్లే పిల్లలకు ఇంటిపేర్లైపోతున్న తీరు మరో తలనొప్పి.

వింతగా కనిపించే రూపాన్ని తప్పని దిద్దడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు చేర్చినది మొదలు ఆ దేశంలో స్థిరపడిన నాయుళ్లు తమ పేరు చివర రెండు 'ఓ'లు రాస్తారు. వాటిని చెరిపి 'యు' పెట్టారంటే, ఆ శాఖను వెతకవలసింది దక్షిణాఫ్రికా ఓడల జాబితాల్లోనన్న ఆనవాలును మీ చేతులతో మీరే తుడిచేసినట్లు.